ఫ్రాపే: గ్రీసు నురగ కాఫీ

చల్లని నురగ కాఫీ ఫ్రాపే 1957లో ఉత్తర గ్రీసులోని థెస్సలొనీకి నగరంలో పుట్టింది. అక్కడి అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనలో పిల్లల చాక్లెట్ పానీయాన్ని షేకర్‌లో పాలతో కలిపి చూపిస్తున్నారు. విరామంలో కాఫీ తాగాలనుకున్న నెస్లే ఉద్యోగి దిమిత్రిస్ వాకోందియోస్‌కు వేడినీళ్లు దొరకలేదు. ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చన్నీళ్లు, చక్కెర షేకర్‌లో వేసి గట్టిగా ఆడించాడు. పైన దట్టంగా నురగ కట్టింది.

ఆ నురగే ఈ పానీయానికి ప్రాణం. కాఫీ గింజల్లోని నూనె బుడగలను త్వరగా పగలగొడుతుంది. ఇన్‌స్టంట్ పొడిలో ఆ నూనె దాదాపు ఉండదు కనుక నురగ చాలాసేపు నిలుస్తుంది. ఫిల్టర్ డికాక్షన్‌కు ఈ గుణం లేదు. మన ఇళ్లలో పొడి, చక్కెర, కాసిన్ని నీళ్లు చెంచాతో గిలక్కొట్టి చేసే కాఫీలో నురగ రావడానికీ ఇదే కారణం.

గ్రీసు కాఫీ దుకాణాల్లో చక్కెర లేనిది స్కెతోస్, మధ్యరకం మెత్రియోస్, బాగా తీపిది గ్లికోస్. పాలు అడిగితేనే పోస్తారు. 1995లో స్టార్‌బక్స్ అమెరికాలో తెచ్చిన ఫ్రాపుచినో దారి వేరు: ఐసు, పాలు, చక్కెర కలిపి మిక్సీ పట్టి, తరచూ పైన క్రీమ్ వేసి ఇస్తారు. ఆరోగ్యం చూసుకునేవారికి స్కెతోసే మేలు. మూత బిగిసే సీసాలో పొడి, కొద్దిగా చన్నీళ్లు ఆడించి, ఐసు మీద పోసి నీళ్లు కలిపితే చాలు. చక్కెర లేకున్నా నురగ చక్కగా కడుతుంది.