జైహూన్ గడ్డకట్టిన శీతాకాలం

వైద్యశాస్త్ర చరిత్రను గూర్చి ముచ్చటించుకొనేటప్పుడు మనం సాధారణంగా ఔషధాలను, ఆసుపత్రులను, గొప్ప హకీముల గ్రంథాలను పేర్కొంటాం. జబ్బు పడకముందు సామాన్య జనం తమ ఆరోగ్యాన్ని, ఉల్లాసాన్ని ఎలా కాపాడుకొనేవారన్న విషయం ఆ చర్చలలో అరుదుగా వస్తుంది. ఒకే కాలంలో జీవించిన ఇద్దరి అరబ్బీ రచనలు ఈ లోటును కొంతవరకు తీరుస్తాయి. ఒకటి యాత్రాకథనం, రెండవది ఆరోగ్యశాస్త్ర గ్రంథం.

ఖలీఫా అల్-ముఖ్తదిర్ పంపిన రాయబార బృందంతో అహ్మద్ ఇబ్న్ ఫద్లాన్ హిజ్రీ 309 సఫర్ నెలలో, అనగా క్రీ.శ. 921 జూన్‌లో, బగ్దాదు నుండి బయలుదేరారు. వోల్గా తీరంలోని బుల్గార్ రాజు వద్దకు వారి ప్రయాణం. బుఖారా మీదుగా ఖ్వారిజ్మ్ చేరిన తరువాత, చలి తగ్గే వరకు జుర్జానియా పట్టణంలో వారు నెలల తరబడి ఆగవలసి వచ్చింది. అది నేటి తుర్క్‌మెనిస్తాన్‌లోని కూన్యా ఉర్గెంచ్. జైహూన్ నది, అంటే నేటి ఆము దర్యా, మూడు నెలలు గడ్డకట్టి ఉండిపోయింది. గుర్రాలు, గాడిదలు, బండ్లు దానిమీద బాటమీద వలె నడిచాయి. స్నానశాల నుండి ఇంటికి వచ్చేసరికి తన గడ్డం మంచుముద్ద అయ్యేదని, నిప్పు దగ్గర కూర్చుని కరిగించుకొనేవాడినని ఇబ్న్ ఫద్లాన్ వ్రాశారు. ఇంటి లోపలి గదిలో తురుష్కుల కంబళి గుడారం వేసుకొని, ఉన్ని బట్టలు, తోలు దుస్తులు కప్పుకొని పడుకున్నా చెంప దిండుకు అతుక్కొనేదట. ప్రయాణానికి సిద్ధమైనప్పుడు ఒకదానిపై ఒకటిగా తొడిగిన దుస్తుల బరువుకు ఒంటెమీద కదలలేకపోయామని కూడా చెప్పారు.

అయితే ఈ కథనంలో నన్ను ఎక్కువగా ఆకర్షించినవి ఆ పట్టణవాసుల అలవాట్లు. అక్కడ ఒకరు తన మిత్రునికి గొప్ప మర్యాద చేయదలిస్తే, విందుకు పిలవడు. మా ఇంట్లో మంచి నిప్పు ఉంది, వచ్చి కూర్చో, మాట్లాడుకొందాం అని పిలుస్తాడు. బిచ్చగాడు వాకిట నిలబడడు. నేరుగా లోపలికి వచ్చి, నిప్పు దగ్గర కాసేపు కూర్చుని వెచ్చబడి, ఆ తరువాతనే రొట్టె అడుగుతాడు. ఇస్తే తీసుకొంటాడు, లేకుంటే వెళ్ళిపోతాడు. కట్టెలు అక్కడ చౌక. వాటిని ఆ ప్రజలపై దైవానుగ్రహంగానే ఇబ్న్ ఫద్లాన్ పేర్కొన్నారు.

ఆయన మాటలన్నిటినీ అక్షరాలా నమ్మనక్కరలేదు. నదిపై మంచు 17 జానల మందం ఉందన్న మాటను భూగోళవేత్త యాఖూత్ అల్-హమవీ ఖండించారు. హిజ్రీ 616లో తాను స్వయంగా ఖ్వారిజ్మ్‌లో ఉన్నానని, మంచు అయిదు జానలకు మించదని, అదీ అరుదేనని ఆయన వాదం. కాని చలిమంట మర్యాదల విషయం వేరు. అతిశయోక్తికి అక్కడ ప్రయోజనం కనిపించదు.

రెండవ రచయిత అబూ జైద్ అల్-బల్ఖీ. ఆయన హిజ్రీ 322లో (క్రీ.శ. 934) మరణించారు. ఆయన గ్రంథం 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్'. మొదటి భాగంలో నివాసం, దుస్తులు, ఆహారం, నిద్ర, స్నానం, వ్యాయామం వంటి దేహ విషయాలున్నాయి. రెండవ భాగంలో కోపం, భయం, దుఃఖం, పీడించే దురాలోచనలు ఉన్నాయి. దేహానికి జబ్బు చేయక చాలాకాలం గడవవచ్చు గాని, మనోబాధ లేని రోజు ఉండదంటారు బల్ఖీ. అయినా వైద్యులు దీనిని పట్టించుకోలేదని ఆయన ఫిర్యాదు. 1984లో ఫుఆద్ సెజ్గిన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దీని వ్రాతప్రతిని యథాతథ ప్రతిబింబంగా వెలువరించారు.

ఈ పేరును తెలుగు చేయబోతే 'అన్‌ఫుస్' దగ్గర చిక్కు వస్తుంది. దాని ఏకవచనం 'నఫ్స్'. దానిని 'ఆత్మ' అంటే మన పాఠకుడు పరలోక చింతనగా భావిస్తాడు. కోపతాపాలను గూర్చిన గ్రంథానికి అది పొసగదు. 'దేహ మనస్సుల క్షేమసాధనాలు' అన్నదే సముచితమని నా అభిప్రాయం.

ఇబ్న్ ఫద్లాన్ ఈ గ్రంథం చదివారనడానికి ఆధారం లేదు. అయినప్పటికీ రెండూ ఒక విషయంలో కలుస్తాయి. దురాలోచనలు పీడించేవారు ఒంటరిగా ఉండరాదని, నలుగురితో కలిసి ఉండాలని బల్ఖీ బోధించారు. అత్యవసరానికి మందులు ఇంట్లో ఉంచుకొన్నట్లే, మనస్సు ప్రశాంతంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను కూడబెట్టుకోవాలన్నారు. జుర్జానియా వాసులు చలికి ముందే కట్టెలు చేర్చుకొన్నట్లు! నిప్పు దగ్గర మాట్లాడుకొందామన్న వారి పిలుపులో బల్ఖీ రెండు భాగాలూ ఇమిడి ఉన్నాయి: నిప్పు దేహానికి, మాట మనస్సుకు.

సంక్రాంతి దాటగానే చలి తగ్గుముఖం పట్టే మన ప్రాంతంలో ఆ శీతాకాలాన్ని ఊహించడం కష్టం. కాని వృద్ధులను, రోగులను కంబళి కప్పి వేరే గదిలో వదిలి, చేయవలసినదంతా చేశామనుకొనే అలవాటు మనకూ ఉంది. బిచ్చగానికి సైతం రొట్టెకు ముందు నిప్పు దగ్గర చోటిచ్చిన ఆ పట్టణం ఈ విషయంలో మనకంటే ముందున్నదని అంగీకరించక తప్పదు.