మెకంజీ కచేరి పండితులు: సమష్టి రచనయు జీవనోపాధియు

పలువురు కూడి యొక రచనమును సాగించుటయు, దానివలన ద్రవ్యము నార్జించుటయు ఈ కాలమున పుట్టిన యాచారములని సామాన్యముగా తలంపబడుచున్నది. అంతర్జాలము వ్యాపించిన పిమ్మట, ఒక సంస్థ పదుగురు రచయితలను గూర్చుకొని, వారిచేత నానావిషయములను వ్రాయించి, ఆ వ్రాతలవలన ప్రకటనల రాబడిని గడించుటయు, కొంతకాలమునకు సంస్థనంతటిని మఱియొకరికి విక్రయించుటయు పరిపాటియైనది. అట్టి తావులందు మూడు ప్రశ్నలు పుట్టుచున్నవి. వ్రాసినవానికి ముట్టిన వేతన మెంత? వ్రాసిన దానిపై స్వామ్య మెవరిది? లోకమున నిలుచు పేరెవరిది? ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. రెండువందల యేండ్లకు పూర్వమే తెలుగు పండితుల కూటమి యొకటి వీనిని ప్రత్యక్షముగా ననుభవించినది. కర్నల్ కాలిన్ మెకంజీ కచేరిలో పనిచేసిన కావలి సోదరులయొక్కయు, వారి సహచరులయొక్కయు వృత్తాంతమే దానికి దృష్టాంతము.

తెలుగు వాఙ్మయమున సమష్టి రచన ప్రాచీనమైనదే. భాస్కర రామాయణము నలువురు కవుల కృషిఫలము. హుళక్కి భాస్కరుడు, మల్లికార్జునభట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు అను నలువురును దానిని పంచుకొని రచించిరి. పదునైదవ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగయ అను జంటకవులు ప్రబోధచంద్రోదయమును, వరాహపురాణమును కూడి రచించి ప్రభువులకును మంత్రులకును అంకితము చేసిరి. ఈ రచనములన్నియు ఆశ్రయమునకును సన్మానమునకును సంబంధించినవే. ఇందు ధనాపేక్ష లేదని చెప్పుట సత్యము కాదు. కాని ఆ పద్ధతిలో నొక కట్టుబాటుండెను. అది ఆశ్వాసాంతగద్య. ఏ భాగము నెవరు రచించిరో, ఆ కవి యెవరి పుత్రుడో, ఎవరి శిష్యుడో గద్యయందు చెప్పబడుచుండెను. ధనము దాతనుండి కవికి చేరును, కృతి కృతిపతి పేర వెలయును, కర్తృత్వముమాత్రము కవియొద్దనే నిలుచును. అనగా వేతనము, స్వామ్యము, కీర్తి అను మూడింటిలో కడపటిది గద్యచేత రక్షింపబడుచుండెను.

కుంపిణీవారి కాలమున ఈ కట్టుబాటు సడలినది. స్కాట్లండునకు చేరిన లూయిస్ ద్వీపమున 1754వ సంవత్సరమున జన్మించిన మెకంజీ, 1783లో చెన్నపట్టణమునకు వచ్చి ఇంజనీరు శాఖయందు పనిచేసెను. ఈ దేశపు పూర్వచరిత్రమును, మతములను, భూస్వామ్యవిధానములను తెలిసికొనవలెనను కోరిక యాతనికి ప్రబలముగా నుండెను. కాని దేశభాషలలో నొక్కటియు నాతనికి పట్టుపడలేదు. 1796లో సింహళమునుండి మరలివచ్చిన పిమ్మట, ఏలూరివాడగు నియోగి బ్రాహ్మణయువకుడు కావలి వేంకట బొఱ్ఱయ్య యాతని కొలువున చేరెను. భారతీయవిజ్ఞానమునకు తనకు ద్వారము తెఱచినవాడు బొఱ్ఱయ్యయేయని, 1817లో సర్ అలెగ్జాండరు జాన్‌స్టనునకు వ్రాసిన లేఖలో మెకంజీ స్వయముగా నంగీకరించెను. యజమాని తన యుద్యోగిని గూర్చి యిట్లు వ్రాయుట ఆ దినములలో నరుదు.

శ్రీరంగపట్టణపు పతనానంతరము 1799లో మైసూరు దేశపు సర్వే మెకంజీకి ఒప్పగింపబడెను. భూమిని కొలుచు పనితోపాటు శాసనములను, వంశావళులను, స్థలపురాణములను, తాళపత్రగ్రంథములను సేకరించు పనియు నప్పుడే విస్తరించినది. ఈ రెండవ పనికి కావలసిన యేర్పాటును తీర్చినవారిలో బొఱ్ఱయ్యయే ప్రథముడు. అతడు ప్రాచీనకన్నడ లిపిని చదువ నేర్చి, శాసనముల పఠనమునకు దారి చూపెను. 1803లో, ఇరువదియేడేండ్లు నిండియు నిండకమునుపే, అతడు గతించెను. అతని తమ్ములలో లక్ష్మయ్య కచేరిలోని పండితులకు పెద్దయై పనిని నడపెను. రామస్వామియు నందే పనిచేసెను.

ఆ కచేరి పని తీరును పరిశీలించినచో, అది నేటి సమష్టి రచనాసంస్థలకు మిక్కిలి దగ్గఱగా నున్నట్లు తోచును. కొందఱు పండితులు జిల్లాలకు పంపబడుచుండిరి. వారికి ఏయే విషయముల నడుగవలెనో ముందుగనే సూచనలుండెను. వారు ఊరూర తిరిగి, దేవాలయములలోని శాసనములకు ప్రతులు వ్రాసికొని, వృద్ధులను విచారించి, కరణములయొద్ద నున్న కవిలెకట్టలను చూచి కైఫియత్తులను వ్రాయించుచుండిరి. ఎక్కడికి పోయినది, ఏమి దొరకినది, ఎంత వ్యయమైనది తెలుపుచు నెలనెలకు నివేదికలు పంపవలసియుండెను. కచేరిలో మఱికొందఱు ఆ ప్రతులను వర్గీకరించి, ఇంగ్లీషున సారాంశములను సిద్ధపఱచుచుండిరి. తెలుగునకు, తమిళమునకు, కన్నడమునకు, మహారాష్ట్రమునకు వేఱువేఱు పండితులుండిరి. జైనపండితుడగు ధర్మయ్య జైనగ్రంథములను సంపాదించుటలో మిక్కిలి తోడ్పడెను. దత్తమండలములలో సేకరణము చేసినవారిలో నారాయణరావు ముఖ్యుడు. ఒకడు తెచ్చినదానిని మఱియొకడు దిద్దును, వేఱొకడు అనువదించును. కడకు అది యెవరి రచన యని చెప్పుట దుష్కరమగును.

ఈ పని సులభముగా సాగినది కాదు. పండితుడు గ్రామమున ప్రవేశించి, దానపత్రములను, శాసనములను చూపుమని యడిగినంతనే, ఇది మాన్యములను కాజేయుటకు సర్కారువారు పన్నిన పన్నుగడ యేమోయని కరణములును మాన్యదారులును అనుమానించుచుండిరి. వారిని ఒప్పించుటయే పండితుని నేర్పు. ఇచట నింకొక విషయము గమనింపదగియున్నది. కైఫియత్తునకు మూలము చాలచోట్ల కరణము తరతరములుగా కాపాడిన కవిలెయే. తిరుగాడిన పండితునికి జీతము గలదు. కవిలె నిచ్చిన కరణమునకు ఈ కచేరి జీతము లేదు. సమష్టి రచనకు ఆధారభూతుడైనవాడు లెక్కలో చేరకుండుట అప్పుడే కలదు.

ఇక ధనము సంగతి. పండితుల జీతములలో కొంత సర్వే కచేరి లెక్కలో చేరుచుండినను, సేకరణమునకై మెకంజీ తన సొంతసొమ్మును విరివిగా వెచ్చించెను. ఆ వ్యయము 15,000 పౌనులకు మించెనని జాన్‌స్టను పార్లమెంటు విచారణసంఘమునెదుట చెప్పియున్నాడు. 1815లో మెకంజీ భారతదేశమున కంతటికిని ప్రథమ సర్వేయరు జనరలుగా నియమింపబడి, 1817లో కలకత్తాకు పోయెను. లక్ష్మయ్య మొదలగు పండితులు కొందఱాతని వెంట నరిగిరి. సేకరించిన సామగ్రి కంతటికిని వివరమైన పట్టిక నొకదానిని తయారుచేయవలెనను సంకల్పము నెఱవేఱకయే 1821 మే 8వ తేదీని అతడు మరణించెను. ఆ సంచయమును కుంపిణీ ప్రభుత్వమువారు ఆతని భార్యయొద్ద లక్ష రూపాయలకు, అనగా 10,000 పౌనులకు, కొనిరి. హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన పట్టికనుబట్టి యందు 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానికవృత్తాంతములు, 8,076 శాసనప్రతులు, 6,218 నాణెములు, 2,630 చిత్రములు నుండెను. విల్సన్ సంస్కృతమున పండితుడే కాని దక్షిణదేశభాషల నెఱిగినవాడు కాడు. కనుక పండితులు సిద్ధపఱచిన యింగ్లీషు సారాంశములే యాతని పట్టికకు ముఖ్యాధారములైనవి. గ్రంథముఖమున కానవచ్చునవిమాత్రము మెకంజీ పేరును విల్సన్ పేరును మాత్రమే.

ఇందు మెకంజీని నిందించుట తగదు. ధననష్టమునకు సిద్ధపడినవాడు, పూనిక వహించినవాడు, ముప్పదియేండ్లకు పైగా దీక్ష విడువనివాడు అతడే. అతనికి వచ్చిన మూల్యము అతని వ్యయమునకే చాలలేదు. 1816లో థామస్ హికీ చిత్రించిన పటమున మెకంజీ యెఱ్ఱని సైనికవేషముతో నిలువగా, ముగ్గురు భారతీయులును ఆతని చెంత చిత్రింపబడిరి. లక్ష్మయ్యయు ధర్మయ్యయు నందున్నారని చరిత్రజ్ఞులు తలంతురు. కాని వారిలో నెవరు ఎవరో నేటికిని నిశ్చితము కాలేదు. దోషము వ్యక్తిది కాదు, విధానముది. ఆ విధానమున గద్యకు తావు లేదు.

ఈ కొఱతను కావలి సోదరులు గుర్తింపకపోలేదు. దానిని తీర్చుకొనుటకు ఇరువురును రెండు మార్గముల నవలంబించిరి. రామస్వామి స్వతంత్రగ్రంథకర్త యయ్యెను. వేంకటాధ్వరి విశ్వగుణాదర్శమును ఇంగ్లీషున ననువదించి 1825లో ప్రకటించెను. 1828లో దక్షిణదేశపు నగరములను, స్థలములను వర్ణించు గ్రంథమును, 1829లో దక్కను కవుల చరిత్రములను ఇంగ్లీషునందే వెలయించెను. కచేరిలో నలవడిన విద్యయే వీనికి మూలధనము. కాని యిచట రచనయు, పేరును, రాబడియు నాతనివే. కవుల చరిత్రములందు అతడు తన యన్న బొఱ్ఱయ్యకును స్థానము కల్పించెను. కచేరి పత్రములలో మఱుగుపడిన పేరును తమ్ముడు గ్రంథస్థము చేసెను. ఒకరీతిగా చెప్పవలెనన్న, అది బొఱ్ఱయ్య పనికి ఆలస్యముగా చేర్పబడిన యాశ్వాసాంతగద్య.

లక్ష్మయ్య మార్గము వేఱు. అతనికి కావలసినది తనయొక్కని గ్రంథము గాదు, ఆగిపోయిన సమష్టికార్యము. అతడు చెన్నపట్టణమున హిందూ లిటరరీ సొసైటీ యను సంఘమునకు అధ్యక్షుడై, మెకంజీ పరిశోధనములను తిరిగి కొనసాగింప ననుమతియు, సహాయమును దయచేయుమని ప్రభుత్వమువారిని కోరెను. ఆ విన్నపము 1836లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీవారి పరిశీలనకు వచ్చినది. సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. దేశీయపండితులు సహాయకులుగా నెంత యుపయోగపడినను, అట్టి కార్యమునకు నాయకత్వము వహించుటకు లక్ష్మయ్యగాని మఱి యే దేశీయుడుగాని చాలినవాడు కాడను నభిప్రాయము వెలువడెను. ఇరువదియేండ్లకు పైగా ఆ పనిలో తలనెరసిన వానికి లభించిన ప్రత్యుత్తర మిది. వ్రాతప్రతుల పరిశీలనము తరువాత రెవరెండు విలియం టెయిలరునకు అప్పగింపబడెను.

ఈ తిరస్కారమువలన నష్టపోయినవాడు లక్ష్మయ్య యొక్కడే కాడు. సమష్టి రచనకు ప్రాణము దాని యంతరంగమునెఱిగిన జనము. ఏ ప్రతి యేగ్రామమున దొరకెనో, ఏ కరణము చెప్పినది నమ్మదగినదో, ఏ లేఖకుడు తొందరపాటువాడో వారికే తెలియును. ఆ జ్ఞానము కాగితములకెక్కక వారితోనే యంతరించెను. సంచయమున కొంత 1823లోను 1825లోను లండనునకు పంపబడెను. దక్షిణభాషల ప్రతులు 1828లో చెన్నపట్టణమునకు తిరిగిచేరెను. శిథిలమగుచుండిన కైఫియత్తులకు సి.పి. బ్రౌను పూనికచే క్రొత్తప్రతులు వ్రాయింపబడుటవలన తెలుగుదేశపు స్థానికచరిత్రము చాలవఱకు దక్కినది. ఆ ప్రతులు వ్రాసినవారును జీతగాండ్రగు పండితులే.

పైవృత్తాంతమును నేటి యంతర్జాలరచనలతో పోల్చి చూచినచో సామ్యము స్పష్టము. అమెరికాలో హఫింగ్టన్ పోస్టు అను పత్రిక వేలకొలది రచయితలచేత వేతనము లేకయే వ్రాయించుకొని, 2011లో 31 కోట్ల 50 లక్షల డాలర్లకు ఏ.ఓ.ఎల్. సంస్థకు అమ్ముడుపోయెను. ఆ మూల్యమున తమకు భాగము కలదని రచయితలు వ్యాజ్యము వేయగా, ప్రతిఫలము లేదని తెలిసియే వారు వ్రాసిరని 2012లో న్యూయార్కునందలి న్యాయస్థానము దానిని త్రోసివేసెను. అచట పేరు దక్కినది, వేతనము లేదు. మెకంజీ కచేరిలో వేతనము దక్కినది, పేరు లేదు. రెండుచోట్లను స్వామ్యము అన్యులదే. కావున పలువురు కూడి వ్రాతను వృత్తిగా గైకొనునప్పుడు, ఈ మూడింటిని గూర్చియు ఆరంభముననే మాట తేల్చుకొనుట వివేకము. విక్రయకాలమున తేల్చుకొందమనుకొన్నచో తేలదని రెండు దృష్టాంతములును బోధించుచున్నవి.

గడచిన జీతముల లెక్కను ఇప్పుడు సవరించుట యసాధ్యము. స్వామ్యము ప్రభుత్వ గ్రంథాలయములకు సంక్రమించినది. తీర్పదగిన ఋణ మొక్కటే మిగిలియున్నది, అది పేరు. కచేరి నియమమునుబట్టి పండితులు పంపిన నివేదికలలో పెక్కులు నేటికిని నిలిచియున్నవి. ఎవరు ఎచట సేకరించిరో వానినిబట్టి కొంతవఱకైన నిర్ణయింపవచ్చును. కైఫియత్తును ప్రమాణముగా నుదాహరించునప్పుడు మెకంజీ పేరుతో సరిపెట్టక, తెలిసినచోట సేకరించిన పండితుని పేరును, కవిలె నొసగిన గ్రామకరణపు ప్రస్తావనమును చేర్చుట పరిశోధకులకు కర్తవ్యము. పాఠశాలలలో భాస్కర రామాయణమును బోధించు పండితులు ఏ కాండము నే కవి రచించెనో తప్పక చెప్పుదురు. ఆ నియమమే కైఫియత్తులకును వర్తింపవలెను.