ఎనిమిది సిలిండర్ల ఎగుడుదిగుడు నడక

పాత అమెరికన్ కారు వీధి మలుపులో ఆగి, ఇంజన్ మాత్రం నడుస్తూ ఉంటే, తెలిసినవాళ్లు తల తిప్పకుండానే అది వీ-ఎయిట్ అని చెప్పేస్తారు. గుడగుడమని, తడబడుతున్నట్టు, అంతలోనే సర్దుకున్నట్టు వినిపించే ఆ ధ్వనికి ఇవాళ లక్షల మంది అభిమానులున్నారు. దాన్ని ఎవరూ కోరి తయారుచేయలేదన్నదే విశేషం. కుదుపు తగ్గించబోతే అది పుట్టింది. చౌక కారులోకి దిగి దేశమంతా పాకింది. డబ్బులేని కుర్రాళ్ల షెడ్లలో గొంతు విప్పింది. కంపెనీలు దాన్ని సరుకుగా గుర్తించింది చాలా తర్వాత.

కార్ల తొలి రోజుల్లో అందరూ కోరుకున్నది నిశ్శబ్దమే. ఇంజన్ చప్పుడుకు గుర్రాలు బెదిరేవి, ఊళ్లవాళ్లు తిట్టేవారు. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో సొంతంగా కారు తయారుచేసుకున్న మిల్టన్ రీవ్స్, తన సోదరుడు మార్షల్‌తో కలిసి 1897లో సైలెన్సర్‌కు పేటెంట్ పొందాడు. ఆ తర్వాత వచ్చిన చాలా కార్లలో సైలెన్సర్‌కు ముందు ఒక కవాటం ఉండేది. పెడల్ తొక్కితే అది తెరుచుకుని పొగ నేరుగా బయటికి పోయేది. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త బలం పెరుగుతుందని డ్రైవర్ల నమ్మకం. ఊళ్లో కూడా తెరిచి తిరిగేవాళ్లు ఎక్కువయ్యేసరికి నగరాలు దాన్ని నిషేధిస్తూ వచ్చాయి.

ఆ కాలపు అభిరుచి ఎలాంటిదో చూడాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే చాలు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడ ఉంది. 1912 నాటి కారు. ఆయన 1911లోనే కన్నుమూయడంతో అది ఏడవ నిజాం చేతికి వచ్చింది. ఆ మోడల్‌కు ‘ఘోస్ట్’ అన్న పేరు వచ్చిందే చప్పుడు చేయకుండా కదులుతుందని. అప్పట్లో రాజులు డబ్బు పోసి కొన్నది ఆ నిశ్శబ్దాన్ని.

వీ-ఎయిట్ కథ మరో దారిలో నడిచింది. 1914లో కాడిలాక్ తెచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌లో నాలుగు ఒక వరుస, నాలుగు ఇంకో వరుస, రెండింటి మధ్య 90 డిగ్రీల కోణం. 5 లీటర్ల పైచిలుకు పరిమాణం, 70 గుర్రాల శక్తి. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, మలుపులన్నీ ఒకే తలంలో ఉండేవి. దానివల్ల సిలిండర్లు సమానమైన ఎడంతో పేలేవి గానీ, వేగం పెరిగేకొద్దీ ఇంజన్ పక్కలకు అదిరేది. కాడిలాక్ కొనేవాళ్లకు అది రుచించే విషయం కాదు. 1923లో కంపెనీ ఇంజనీర్లు ఆ మలుపులను ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో, చివరినుంచి చూస్తే కూడిక గుర్తులా కనిపించేట్టు అమర్చారు. బరువైన ప్రతితూకాలు జోడించారు. అదురు పోయింది. పీర్‌లెస్ అనే మరో కంపెనీ కూడా ఇదే ఆలోచనకు దాదాపు అదే సమయంలో పేటెంట్ అడిగింది. రెండు కంపెనీలూ పంచుకోవడానికి ఒప్పుకున్నాయి.

అదురు పోయినచోటే కొత్త ధ్వని మొదలైంది.

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుతుంది. రెండు చుట్లు అంటే 720 డిగ్రీలు. ఎనిమిది సిలిండర్లు కాబట్టి 90 డిగ్రీలకు ఒక దెబ్బ. మొత్తం ఇంజన్‌ను వింటే అంతా సమంగానే ఉంటుంది. కానీ కొత్త క్రాంక్‌తో ఒక్క వరుసనే విడిగా వింటే దెబ్బల మధ్య ఎడం 90, 180, 270, 180 డిగ్రీలుగా మారిపోతుంది. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో నాలుగే దెబ్బలను ఒకటి, రెండు, మూడు, రెండు అక్షరాల ఎడంతో వేస్తే ఎలా ఉంటుందో అదే నడక. నిమిషానికి 600 చుట్ల దగ్గర, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు, ఒక్కో వరుస నుంచి సెకనుకు 20 దెబ్బలు పడతాయి. ఆ వేగంలో చెవి ఎగుడుదిగుడును ఇంకా పట్టుకోగలదు. యాక్సిలరేటర్ నొక్కగానే దెబ్బలు కలిసిపోయి గర్జన అవుతుంది.

అయితే 1932 దాకా వీ-ఎయిట్ ఎక్కువగా డబ్బున్నవాళ్ల ఇంజన్‌గానే ఉంది. దాన్ని సామాన్యుడి కారులోకి దించింది హెన్రీ ఫోర్డ్ మొండితనం. రెండు వరుసల సిలిండర్లనూ, క్రాంక్‌కేస్‌నూ కలిపి ఒకే ముక్కగా పోతపోయాలని ఆయన పట్టుబట్టాడు. డియర్‌బోర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కు తరలించి నిలబెట్టిన ఎడిసన్ ప్రయోగశాల భవనంలో కొద్దిమంది ఇంజనీర్లు రహస్యంగా డిజైన్ పని చేశారు. మొదట్లో పోత దిమ్మెలు కుప్పలుగా పాడయ్యాయి. చివరికి 1932 మార్చి 31న కారు జనం ముందుకు వచ్చింది. 3.6 లీటర్లు, 65 గుర్రాల శక్తి, ధర 460 డాలర్ల నుంచి. మహామాంద్యం నడుమ ఆ ధరకు ఎనిమిది సిలిండర్లు!

ఈ ‘ఫ్లాట్‌హెడ్’ ఇంజన్‌లో వాల్వులు సిలిండర్ల పక్కన, దిమ్మెలోనే ఉంటాయి. పొగ దారులు కూడా దిమ్మె లోపలినుంచే బయటికి వస్తాయి. ప్రతి వరుసలో మధ్యనున్న రెండు సిలిండర్లకు కలిపి ఒకటే రంధ్రం, అంటే నాలుగు సిలిండర్లకు మూడే ద్వారాలు. ఆ వేడంతా నీటి గదుల్లోకి పోయి ఇంజన్ మరిగిపోయేది. ఇంజనీరింగ్‌గా చూస్తే అది లోపమే. ధ్వని సంగతికొస్తే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫోర్డ్ నెమ్మదిగానే మాట్లాడేది. ఎడమ వరుస పొగను ఇంజన్ ముందునుంచి చుట్టి కుడివైపుకు తెచ్చి, రెండింటినీ ఒకే గొట్టంలోకి, ఒకే సైలెన్సర్‌లోకి పంపేవారు. రెండు వరుసలూ కలిసేసరికి ఒకదాని ఖాళీని మరొకటి పూడ్చేది. నడక చాలావరకు సమమయ్యేది.

ఆ రెండింటినీ విడదీసినవాళ్లు దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు. పాత సామాన్ల యార్డుల్లో తక్కువ ధరకు దొరికిన ఫోర్డులను ఊడదీసి, బరువు తగ్గించి, మొహావీ ఎడారిలోని మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద పందేలు వేసేవారు. వాళ్ల క్లబ్బులు కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌ను పెట్టుకున్నాయి. వాళ్లకు కావలసింది వేగం. పొగ సులువుగా బయటికి పోతే ఇంజన్‌కు ఊపిరి ఆడుతుందని ముందు చుట్టుగొట్టాన్ని తీసేసి, వరుసకొక గొట్టం వేశారు. ఆ క్షణం నుంచి కాడిలాక్ తరహా క్రాంక్‌లో దాగి ఉన్న ఎగుడుదిగుడు నడక కుడిచెవికి ఒకటి, ఎడమచెవికి ఒకటిగా వినపడసాగింది.

ఫ్యాక్టరీ సైలెన్సర్‌లో పొగ గదులు మారుతూ, వెనక్కీ ముందుకూ మళ్లుతూ పోతుంది. కుర్రాళ్లు ఎంచుకున్నది తిన్నని గొట్టం. దానికి నిండా చిల్లులు, చుట్టూ కూరిన ఉక్కు పీచు, ఆపైన ఒక తొడుగు. తర్వాత ఉక్కు పీచు స్థానంలో గాజు పీచు వచ్చింది. ఈ కూర్పు చెవిని కోసే పై స్థాయి చప్పుళ్లను మింగేసి, బరువైన కింది స్థాయి దెబ్బలను వదిలేస్తుంది. స్మిథీ పేరుతో వచ్చిన సైలెన్సర్లకు అందుకే అంత పేరు. వేగంగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే గొట్టంలో చిటపట మొదలవుతుంది. కుర్రాళ్లు కావాలనే కొండ దిగుతూ, వంతెన కింద నుంచి పోతూ అలా చేసేవారు. పోలీసులూ జరిమానా చీటీలు రాసేవారు. ఊరి జనం కోపం న్యాయమైనదే. నిద్రపోయే పిల్లలున్న ఇంటిముందు ఈ సంగీతం ఎవరికీ నచ్చదు. ఇవాళ కాలిఫోర్నియాలో మామూలు కారు ఎగ్జాస్ట్ చప్పుడు పరిమితి 95 డెసిబెల్స్.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి కుర్రాళ్లు తిరిగివచ్చాక ఈ సరదా పెద్ద పరిశ్రమ అయింది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ‘హాట్ రాడ్’ పత్రిక మొదలుపెట్టాడు. ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ అమెరికాలో 1953తో ఆగిపోయింది. 1955లో షెవర్లే తేలికైన, చిన్న వీ-ఎయిట్ తెచ్చింది. పేలుడు వరుస మారినా ఒక్కో వైపు ఎడం మాత్రం అదే. ఎక్కువ శక్తి కావాలన్నవాళ్లకు జంట గొట్టాలను కంపెనీయే బిగించి ఇచ్చింది. షెడ్డులో పుట్టినది ధరల పట్టికలోకి ఎక్కింది.

1968 నాటి ‘బుల్లిట్’ సినిమాలో శాన్‌ఫ్రాన్సిస్కో వాలు వీధుల మీద మస్టాంగ్, డాడ్జ్ చార్జర్ల వెంటాట పది నిమిషాలకు పైగా సాగుతుంది. అసలు పరుగు మొదలవగానే నేపథ్య సంగీతం ఆగిపోతుంది, ఇంజన్లే మిగులుతాయి. ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కు ఆస్కార్ వచ్చింది. వీ-ఎయిట్ ధ్వనిని ప్రపంచానికి పరిచయం చేసిన ఘట్టం ఏదంటే దీన్నే చెప్పాలి.

ఏడేళ్లకే అమెరికన్ కార్లకు పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. 1975 కార్వెట్‌లో రెండు గొట్టాలనూ ఒకే కన్వర్టర్‌లోకి కలపాల్సి వచ్చింది. గాలి శుభ్రం కావడం అవసరం, అందులో వాదన లేదు. కానీ ఆ కలయికతో నడక మళ్లీ చదునైంది.

తర్వాతి మలుపు స్పీకర్లది. 2015 మస్టాంగ్ నాలుగు సిలిండర్ల రకంలో ఇంజన్ ధ్వనికి కారు లోపలి స్పీకర్లు తోడయ్యాయి. 2022లో డాడ్జ్ చూపించిన, బ్యాటరీతో నడిచే చార్జర్ కారు నమూనాకు కంపెనీ చెప్పిన శబ్దం 126 డెసిబెల్స్. అందులో సిలిండర్ లేదు, క్రాంక్ లేదు, పొగ లేదు. ఆ శబ్దం పుట్టించే పరికరానికి ‘ఎగ్జాస్ట్’ అనే పేరు పెట్టారు. ఇంజనీర్ల నైపుణ్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు గానీ, కుర్రాళ్లు జంట గొట్టాలు వేసిన 1932 ఫోర్డ్ ధ్వనిలో యంత్రం లోపలి అమరిక అంతా ఉంది. మధ్య సిలిండర్లు పంచుకున్న రంధ్రం, 270 డిగ్రీల ఖాళీ, గొట్టంలో కాలిపోతున్న ఉక్కు పీచు, అన్నీ వినపడతాయి. అందుకే ఆ కార్లను మ్యూజియంలో తుడిచి నిలబెడితే సగం పనే అయినట్టు. అప్పుడప్పుడూ పెట్రోలు పోసి, సెల్ఫ్ కొట్టి, నడపాలి. ఫ్లాట్‌హెడ్ యజమానుల కోసం ఆ పాత తరహా తిన్నగొట్టం సైలెన్సర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. కొనేవాళ్లు వాటిని జతగానే కొంటున్నారు.