చెరకు దీవిలో కాపురం: గ్వాడెలూప్‌కు వెళ్ళిన మనవాళ్ళ కథ

ఇది కొంచెం పెద్ద వ్యాసం. తీరిక చూసుకుని చదవండి.

మన యానాంవాళ్ళకు రీయూనియన్, మారిషస్ పేర్లు కొత్త కావు. 1828లోనే మన గౌతమి ఒడ్డు నుంచి రీయూనియన్ చెరకు తోటలకు తెలుగు కూలీలు వెళ్ళారని చాలామందికి తెలుసు. అదే ఫ్రెంచివాళ్ళ పాలనలో, ఇంకా దూరాన, అమెరికా ఖండాల మధ్య కరీబియన్ సముద్రంలో ఉన్న గ్వాడెలూప్ అనే దీవికి కూడా మనవాళ్ళు వెళ్ళారు. దీని గురించి మన మధ్య మాటే రాదు. ఓడ ఎప్పుడు బయలుదేరింది, ఎందరు ఎక్కారు అన్న లెక్కలు పుస్తకాల్లో దొరుకుతాయి. దిగినవాళ్ళు ఎలా బతికారు, పొయ్యి మీద ఏం వండుకున్నారు, పిల్లలను ఏ పేరుతో పిలుచుకున్నారు అన్నదే మేము ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నాం.

ముందు అసలు ఎందుకు వెళ్ళారో చూద్దాం. 1848లో ఫ్రెంచి ప్రభుత్వం తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. గ్వాడెలూప్‌లో సుమారు 87 వేల మంది ఆఫ్రికా సంతతివారు విముక్తులయ్యారు. తమను కొట్టి పనిచేయించుకున్న తోటల్లోనే, దొర ఇచ్చే కూలికి మళ్ళీ పనిచేయడానికి వాళ్ళలో చాలామంది ఒప్పుకోలేదు. అది న్యాయమే కదా. తోటల యజమానులు తక్కువ కూలికి, కాగితానికి కట్టుబడి ఉండే మనుషుల కోసం మన దేశం వైపు చూశారు. 1853లో మొదటి ఓడ మార్టినిక్‌కు చేరింది. 1854 డిసెంబరు చివర్లో 'ఒరేలి' అనే ఓడ గ్వాడెలూప్‌లోని పువాంట్-ఆ-పీత్ర్ రేవుకు వచ్చింది. 1889 వరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. ఆ 35 ఏళ్ళలో 42 వేల మందికి పైగా భారతీయులు ఆ ఒక్క దీవిలో దిగారు.

ఓడలు ఎక్కువగా పుదుచ్చేరి, కారైకాల్ నుంచి బయలుదేరాయి. కలకత్తా నుంచి కూడా కొన్ని వెళ్ళాయి. ఎక్కినవాళ్ళలో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్ళు తక్కువ. ఈ ఎక్కువ తక్కువల సంగతి గుర్తుపెట్టుకోండి. తరువాత జరిగిన దానికి ఇదే కీలకం.

మనవైపు నుంచి ఎవరు వెళ్ళారంటే, ఇంట్లో గింజలు లేనివాళ్ళు. ధాత కరువు పేరు మన పెద్దల నోట విన్నదే. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధాని అంతా మాడిపోయింది. అలాంటి రోజుల్లో ఊళ్ళోకి మేస్త్రీ వచ్చి, ఫలానా చోట పని ఉంది, అన్నం పెడతారు, అయిదేళ్ళకు తిరిగి రావచ్చు అంటే నమ్మక ఏం చేస్తారు? సముద్రం దాటితే కులం పోతుందన్న భయం కంటే కడుపు మంట పెద్దది.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని మనసులో పెట్టుకుందాం. భర్త, భార్య, ఏడేళ్ళ కొడుకు. పేర్లు పెట్టం. ఇది ఫలానా ఇంటి కథ కాదు, అలాంటి ఎన్నో ఇళ్ళ కథ. ఆఫ్రికా కొసన గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టి దాదాపు మూడు నెలలు ప్రయాణం. దారిలో చనిపోయినవాళ్ళను సముద్రంలోనే వదిలారు. దిగాక తోటల వారీగా మనుషులను పంచేవారు. 1861లో ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ కుదిరిన ఒప్పందంలో, పంపకాల్లో భార్యాభర్తలను విడదీయకూడదని, 15 ఏళ్ళలోపు పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేయకూడదని రాసుకున్నారు. ఆడవాళ్ళు కనీసం నాలుగో వంతు ఉండాలని, ఆ వాటా మెల్లగా పెంచాలని కూడా ఉంది. కాగితం మీదైనా ఆ మాట లేకపోతే కాపురాలు ఇంకెన్ని చెదిరేవో.

వాళ్ళకు ఇచ్చిన ఇల్లు ఏమిటంటే, నిన్నటిదాకా బానిసలు ఉన్న వరస గదుల్లో ఒక గది. ఒప్పందం అయిదేళ్ళు. మగవాడికి నెలకు పన్నెండున్నర ఫ్రాంకులు. నెలకు 26 రోజులు పని. జ్వరమొచ్చి పడుకున్నా, కబురు చెప్పకుండా మానేసినా ఆ రోజులు ఒప్పందం చివర చేరేవి. అలా అయిదేళ్ళు ఆరు, ఏడు అయ్యేవి. అనుమతి కాగితం లేకుండా తోట దాటి రోడ్డు మీద కనిపిస్తే దేశదిమ్మరి కింద పట్టుకునేవారు. బానిసత్వం పోయిందని చట్టం చెప్పింది కానీ కొరడా అలవాటు అంత త్వరగా పోలేదు.

జనవరి దాటాక కోత మొదలు. మగవాడు కత్తి పట్టి చెరకు నరికితే, ఆడది వెనకాలే వంగి కట్టలు కట్టేది. ఆకు అంచు చేతులు కోసేది. పిల్లవాడు పశువుల దగ్గర ఉండేవాడు. మనవాళ్ళకు ఎద్దుల సంగతి బాగా తెలుసు. బండి కట్టడం, ఎద్దును మాలిమి చేయడం ఆ దీవిలో భారతీయుల పనిగా పేరుపడింది.

ఇక వంట. తోట యజమాని ఇచ్చేది బియ్యం, ఉప్పుచేప, ఉప్పు. ఎండుచేప మన గోదావరి మనిషికి కొత్తేం కాదు. కానీ చింతపండు వేసి పులుసు పెట్టుకోవాలంటే, తాలింపు వేసుకోవాలంటే? కొన్ని దినుసులు ఓడల్లో వచ్చాయి, కొన్ని విత్తనాలు కొంగున ముడివేసుకుని వచ్చాయి. గది వెనక జానెడు నేలలో మొక్కలు లేచాయి. ఆకు కూరలు, మిరప, పసుపు. పక్కింటి ఆఫ్రికా సంతతి ఆవిడ దగ్గర కర్రపెండలం, రొట్టెపండు వండటం నేర్చుకున్నారు. ఆవిడ మనవాళ్ళ దగ్గర మసాలా నూరడం నేర్చుకుంది. ధనియాలు, పసుపు, జీలకర్ర, మెంతులు, ఆవాలు కలిపిన ఆ పొడిని అక్కడ 'కొలంబో' అంటారు. ఆ మాట తమిళంలోని 'కుழంబు' నుంచి వచ్చిందంటారు, మన పులుసు లాంటిదే. ఈ రోజు గ్వాడెలూప్‌లో మేకమాంసం కొలంబో లేకుండా పండుగ భోజనం లేదు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, మనవాళ్ళు అందరూ అది తమ వంటే అంటారు.

వాళ్ళ పెరట్లో కరివేపాకు చెట్టును ఏమంటారో తెలుసా? 'కలుపిలే'. వేపను 'వేపేలే' అంటారు. తమిళంలోని కరివేప్పిలై, వేప్పిలై అలా అయ్యాయి. గుళ్ళో మోగే డప్పు 'తపు'. మన తప్పెటకు చుట్టమే. నవంబరు మొదట్లో చనిపోయిన పెద్దలకు ఇష్టమైన వంటలు వండి పెట్టుకునే ఆచారాన్ని 'సంబ్లానీ' అంటారు. సాంబ్రాణి పొగ నుంచి వచ్చిన పేరు. ఆ మాట మన ఇళ్ళలోనూ ఉన్నదే. క్రైస్తవులు సమాధుల మీద దీపాలు పెట్టే రోజుల్లోనే ఇది కూడా చేసుకుంటారు.

దేవుడి సంగతి కూడా ఇలాంటిదే. పిల్లలకు బాప్తిస్మం ఇప్పించారు, ఆదివారం చర్చికి వెళ్ళారు. ఇంటికొచ్చి మారియమ్మకు మొక్కుకున్నారు. ఆవిడను అక్కడ 'మాలియెమిన్' అంటారు. మదురై వీరుడు 'మాల్దెవిలిన్' అయ్యాడు. ఓడ దాటించిన నాగూరు మీరాసాహెబుకు జెండా ఎత్తారు. మనవైపు కూడా దర్గాకు మొక్కుకోని ఊరు ఎక్కడుంది? కాపెస్టెర్‌లోని షాంజీ గుడి ఈ రోజుకీ నిలబడి ఉంది.

అయిదేళ్ళు అయ్యాక తిరుగు ఓడ ఖర్చు లేకుండా ఎక్కవచ్చు. లేదా కొంత సొమ్ము తీసుకుని మళ్ళీ ఒప్పందం రాసుకోవచ్చు. ఎక్కువమంది తిరిగి రాలేదు. చాలామంది జ్వరాలతో, చాకిరీతో అక్కడే పోయారు. వచ్చిన 42 వేల మందిలో తిరిగి వెళ్ళినవాళ్ళు నాలుగో వంతు కూడా లేరు. మిగిలినవాళ్ళు ఎందుకు ఉండిపోయారు? మా ఆలోచన ఏమిటంటే, ఆ దీవిలో పుట్టిన పిల్ల ఒకతి నడక నేర్చి ఉంటుంది, పెరట్లో వేసిన మొక్క కాపుకొచ్చి ఉంటుంది, ఒక బిడ్డను అక్కడ మట్టిలో పెట్టి ఉంటారు. వీటిని వదిలి రావడం ఎవరికైనా కష్టమే. 1884 ప్రాంతంలో చక్కెర ధర పడిపోయి తోటలు దివాళా తీస్తుంటే, మనవాళ్ళు చిన్న చిన్న ముక్కలు పాలికి తీసుకుని, తరువాత కొనుక్కుని, సొంత చెరకు వేసుకున్నారు. సెంట్-ఫ్రాన్సువా, మూల్, పోర్-లూయి, కాపెస్టెర్ వైపు అలా స్థిరపడ్డారు. 1928 సెప్టెంబరులో పెద్ద తుఫాను ఆ దీవిని నేలమట్టం చేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. 1839 కోరంగి తుఫాను కథలు విని పెరిగిన మనకు అది వేరే చెప్పాలా? వాళ్ళు మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. అప్పటికి అది వాళ్ళ ఊరు.

కానీ ఆ ఊరు వాళ్ళను తన మనుషులని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. 'కూలీ' అన్నది అక్కడ తిట్టుమాట. తక్కువ కూలికి వచ్చి మా బేరం చెడగొట్టారని విముక్తులైన నల్లవాళ్ళకు కోపం. అక్కడే పుట్టినా ఓటు లేదు. కాపెస్టెర్‌లో 1863లో పుట్టిన హెన్రీ సిదంబరం ఈ మాట మీద కోర్టుకెక్కాడు. 1904లో మొదలైన ఆ పోరాటం 1923 దాకా సాగింది. చివరికి ఫ్రెంచి ప్రభుత్వం దీవిలో పుట్టిన భారత సంతతివారి పౌరసత్వాన్ని, ఓటు హక్కును ఒప్పుకుంది. తరువాతి కాలంలో ఎర్నెస్ట్ ముటుసామి 1981 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా పారిస్ పార్లమెంటులో ఆ దీవి తరఫున కూర్చున్నారు.

ఆ ఇంటిపేర్లు చూశారా? సిదంబరం, ముటుసామి, రామసామి, వీరసామి. మన లెక్కలో ఇవి ఇంటిపేర్లు కావు, మనుషుల పేర్లు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్న ఒక్క పేరు, పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరైపోయింది. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరే కదా ఊరినీ వంశాన్నీ చెప్పేది. ఆ ఇంటిపేరు రిజిస్టరులోకి ఎక్కలేదు. వీరసామి అన్న పేరు చూసి ఆ మనిషి తంజావూరువాడో తూర్పుగోదావరివాడో ఎలా చెప్పగలం?

మేము చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. ఆ దీవిలో మన దేశపు వంట మిగిలింది, దేవుడు మిగిలాడు, డప్పు మిగిలింది, సాంబ్రాణి మిగిలింది. మాట మాత్రం మిగల్లేదు. గుళ్ళో మంత్రానికీ పాటకూ తమిళం నిలిచింది. ఇంట్లో, పొలంలో అందరిదీ క్రియోల్. సంఖ్యలో తక్కువైన తెలుగు, తమిళం కిందికి వెళ్ళిపోయింది, తరువాత రెండూ క్రియోల్ కిందికి వెళ్ళాయి. అక్కడ ఎవరూ తెలుగును నిషేధించలేదు. మాట్లాడటానికి పక్క గదిలో ఇంకో తెలుగు ఇల్లు లేదు, అంతే. తల్లి చనిపోయాక ఆ పిల్లవాడు తెలుగులో ఎవరితో మాట్లాడాలి?

పక్కన మారిషస్‌ను పెట్టి చూడండి. అక్కడికీ మన కోస్తా వాళ్ళే వెళ్ళారు, అదే చెరకు, అదే ఒప్పందం. కానీ ఎక్కువమంది వెళ్ళారు, ఒకచోట ఉన్నారు, రామభజనలు పెట్టుకున్నారు, సంఘం కట్టుకున్నారు. ఈ రోజు అక్కడ బడిలో తెలుగు చెబుతారు, ఉగాదికి సెలవు ఇస్తారు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. కాబట్టి మాట పోవడం తలరాత కాదు. అలాగని గ్వాడెలూప్ వెళ్ళినవాళ్ళకు అభిమానం లేదని కూడా అనకూడదు. అభిమానం ఉన్న మనిషికి పక్కన మనిషి కూడా కావాలి.

బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, సిరోంచలో, మా యానాంలో ఉన్న మనమందరం చుట్టూ ఇంకో భాషో, ఇంకో ఏలుబడో ఉన్నచోట కాపురం చేసినవాళ్ళమే. మనకు ఓడ ఎక్కే అవసరం రాలేదు. అయినా మన పిల్లలకు పచ్చడి రుచి తెలుసు, ఆ పచ్చడి పేరు తెలుగులో రాయడం రాదు. గ్వాడెలూప్‌లో మూడు నాలుగు తరాల్లో జరిగింది మన ఇళ్ళలో మెల్లగా జరుగుతోంది. వంట తనంతట తాను నిలబడుతుంది, ఆకలి దాన్ని నిలబెడుతుంది. మాటను మాత్రం మనుషులు కలిసి నిలబెట్టుకోవాలి.

చివరగా ఒక మనవి. ఈ రోజుల్లో ఆ దీవుల నుంచి, ఓడ పేరూ ఒక నంబరూ మాత్రమే చేతపట్టుకుని తమ పూర్వీకుల ఊరు వెతుక్కునేవాళ్ళు ఉన్నారు. "మా తాత తమ్ముడు ఓడ ఎక్కాడట, మళ్ళీ కబురు లేదు" అన్న మాట మీ ఇంట్లో ఎప్పుడైనా వినబడి ఉంటే, పెద్దవాళ్ళను ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. పేరు, ఇంటిపేరు, ఊరు, ఏ కరువు రోజుల్లో వెళ్ళాడు అన్నంత వరకైనా ఒక కాగితం మీద తెలుగులో రాసిపెట్టండి. అటువైపు వాళ్ళ దగ్గర ఇంటిపేరు లేదు. అది మన దగ్గరే ఉంది.