షుగర్ ముప్పు ఉందా? కాలేజీ స్టూడెంట్స్‌కి టేపు, నాలుగు ప్రశ్నలు చాలు!

షుగర్ అంటే తాతయ్యలకు, నాయనమ్మలకు వచ్చే జబ్బు అనుకునే రోజులు పోయాయి. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్ దశలో ఉన్నారు. టైప్-2 షుగర్ ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపించకుండా ఉండొచ్చు. షుగర్ స్క్రీనింగ్ జాతీయ కార్యక్రమం ప్రధానంగా 30 ఏళ్లు దాటినవారి కోసమే. అందుకే 18-22 ఏళ్ల విద్యార్థులు తమ సంగతి తామే చూసుకోవాలి.

తిండి అదే.. పని మారింది

కొల్లేరు చేపల చెరువుల మీద వల లాగే తండ్రి, ఏలూరులో డిగ్రీ చదివే కొడుకు ఒకే కుండలో అన్నం తింటారు. తండ్రికి అది పనిలో కరిగిపోతుంది. కొడుకు బస్సులో కూర్చుని వస్తాడు, క్లాసులో కూర్చుంటాడు, రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. తాడేపల్లిగూడెం హాస్టళ్లలో ఉండే పిల్లలదీ దాదాపు ఇదే పరిస్థితి. దానికి తోడు సాయంత్రం పునుగులు, కూల్‌డ్రింక్. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే ఏడు టీస్పూన్లకు పైనే ఉంటుంది.

మీ మార్కులు ఎన్ని?

చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో 'ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్' తయారుచేసింది. రక్తపరీక్ష లేకుండానే ముప్పును అంచనా వేయొచ్చు. ఇక్కడ మార్కులు ఎంత తక్కువ వస్తే అంత మంచిది.

* వయసు: 35 లోపు 0, 35-49 మధ్య 20, 50 దాటితే 30.
* నడుము: అబ్బాయిలకు 90 సెంటీమీటర్లు, అమ్మాయిలకు 80 లోపు ఉంటే 0. అక్కడి నుంచి మరో 10 సెంటీమీటర్ల లోపు 10, ఆపైన 20.
* శ్రమ: వ్యాయామం, ఒళ్లు వంచే పని రెండూ ఉంటే 0, ఏదో ఒకటే ఉంటే 20, రెండూ లేకపోతే 30.
* కుటుంబం: అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20.

మొత్తం 60, ఆపైన వస్తే ముప్పు ఎక్కువ. 30-50 మధ్యస్థం. 20 ఏళ్ల కుర్రాడికి నడుము 92, కదలిక లేదు, తల్లిదండ్రులిద్దరికీ షుగర్ ఉంటే ఇప్పుడే 60. తల్లికి మాత్రమే ఉంటే 50. ఏమీ మార్చుకోకపోతే 35 ఏళ్లు వచ్చేసరికి వయసు మార్కులు కలిసి అదే 70 అవుతుంది. అమ్మానాన్నల షుగర్‌ను మార్చలేం. నడుము, శ్రమ మాత్రం మన చేతిలోవే. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు వేగంగా నడవడం మొదలుపెట్టొచ్చు. అన్నం కాస్త తగ్గించి కూర, పప్పు, చేపల పులుసు పెంచుకోవచ్చు.

స్కోర్ ఎక్కువగా ఉంటే పరగడుపున రక్తపరీక్ష చేయించుకోవాలి. 100 లోపు నార్మల్, 100-125 ప్రీడయాబెటిస్. 126, ఆపైన వస్తే మరోసారి పరీక్షించి డాక్టర్ నిర్ధారిస్తారు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కొద్ది వారాల్లోనే బరువు తగ్గడం కనిపిస్తే స్కోర్ లెక్కలు పక్కన పెట్టి వెంటనే పరీక్ష చేయించాలి. అది టైప్-1 కావచ్చు. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది, ఇన్సులిన్ తప్పనిసరి. వీటికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం తోడైతే ప్రాణాపాయం. ఫుడ్ పాయిజన్ అనుకుని హాస్టల్ గదిలో పడుకోబెట్టకుండా 108కి ఫోన్ చేయాలి. పక్క బెడ్ మీద ఉన్న ఫ్రెండ్‌కి ఈ విషయం తెలిసి ఉండటం ఒక ప్రాణాన్ని కాపాడొచ్చు.