మాచ్‌ఖండ్ కొండల్లో నా కొలువు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడగగానే నాకు మాచ్‌ఖండ్ గుర్తుకు వచ్చింది. 1972లో విద్యుత్ శాఖ ఉద్యోగిగా నన్ను అక్కడికి వేశారు. "ఆ కొండల్లో చలిజ్వరం తప్పదురా" అని మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. విశాఖపట్నంలో తెల్లవారుజామున బస్సెక్కితే అరకు, పాడువాల మీదుగా ఒనకఢిల్లీ చేరేసరికి పొద్దుగూకింది.

ముందు ఆ ప్రాంతం సంగతి చెప్పాలి. విశాఖ మన్యంలోని మాడుగుల కొండల్లో పుట్టిన మత్స్యగెడ్డ ఉత్తరంగా పారి, ఆంధ్ర, ఒరిస్సాలకు హద్దుగా నిలిచి, డుడుమ వద్ద 500 అడుగులకు పైగా లోతుకు దూకుతుంది. అక్కడి నుంచి వెనక్కి మళ్లి, సీలేరు పేరుతో పారి శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. రబీలో గోదావరి డెల్టా చేలను ఆదుకునే నీటిలో ఈ కొండల నీరు కూడా ఉన్నది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు జయపురం జమీందారీ విశాఖపట్నం జిల్లాలోనిదే. ఆ తర్వాత కోరాపుట్ జిల్లా అటు, మన్యం ఇటు అయ్యాయి. కానీ గదబలు, పరజలు హద్దుకు రెండు వైపులా ఉన్నారు. పిల్లనిచ్చేది అటు, సంతకు వచ్చేది ఇటు. ఒనకఢిల్లీలో గురువారం సంత. బోండాలు కొండ దిగి వచ్చేవారు. చోళ్లు, చింతపండు, అడ్డాకులు ఇచ్చి ఉప్పు, బట్ట, ఎండుచేపలు తీసుకువెళ్లేవారు. తూకంలో మోసపోయేది ఎప్పుడూ కొండవాళ్లే. అది చూస్తూ ఊరుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి.

జోలాపుట్ వద్ద ఆనకట్ట కట్టి, డుడుమ దగ్గర నీటిని మళ్లించి, లోయ అడుగున విద్యుత్ కేంద్రం నిర్మించారు. 1955లో ప్రారంభమైన ఈ ఉమ్మడి ప్రాజెక్టులో ఆరు యూనిట్లు, సుమారు 115 మెగావాట్ల సామర్థ్యం. మేము వించి మీద లోయలోకి దిగి డ్యూటీకి వెళ్లేవాళ్లం. మొదటి రోజు కళ్లు మూసుకునే దిగాను!

ఆ జలాశయం కోసం సుమారు 3,000 కుటుంబాలు ఊళ్లు వదిలాయి. మా క్వార్టర్లకు కట్టెలు తెచ్చే ఒక గదబ ముసలాయన ఒక వేసవిలో నన్ను జోలాపుట్ గట్టు మీదికి తీసుకువెళ్లాడు. నీళ్లలోకి చెయ్యి చూపి, దేశియా యాసలో, "అక్కడే బాబూ మా ఊరు. మా అయ్య సమాధి రాయి కూడా అక్కడే" అన్నాడు. ఆయన గుడిసెలో కిరోసిన్ బుడ్డి. గుడిసె మీదుగా విశాఖపట్నం వెళ్లే తీగలు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ నెల జీతం అందుకున్నప్పుడు ఆయన ముఖం గుర్తుకు వచ్చింది.

కింద సీలేరు మీద బలిమెల జలాశయం నిండాక చిత్రకొండ వైపు 151 గ్రామాలకు దారి తెగిపోయింది. పడవే దిక్కు. గురుప్రియ వంతెన 2018లో గానీ రాలేదు. 1992లో మల్కనగిరి జిల్లా, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాయి. కచేరీలు దగ్గరకు వచ్చినందుకు సంతోషమే.

నేను అక్కడ ఉన్నది మూడేళ్లు. మా పెద్దవాడు అక్కడే పుట్టాడు. అమ్మ భయపడినట్టు జ్వరం వచ్చింది, ఆ ముసలాయన భార్య కాచి తెచ్చిన చోడి అంబలితో కోలుకున్నాను. ఈనాడు మనం పెన్షను తీసుకుంటున్నామంటే అందులో ఆ కొండవాళ్ల మునిగిన పొలాల వాటా కూడా ఉన్నదని నా మనవలకు చెబుతూ ఉంటాను. అక్కడ పనిచేసిన మన సభ్యులు ఇంకా ఉన్నారు. వారు కూడా తమ జ్ఞాపకాలు రాయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.