స్నానాలగదిలో సీతాకోకచిలుకలు

రాత్రిపూట దీపం చుట్టూ రెక్కల పురుగు తిరిగిందంటే మనం చేసే పని ఒక్కటే. దీపమైనా ఆర్పుతాం, చీపురైనా అందుకుంటాం. ఆ పురుగు కళ్ళెదుట రెక్క విప్పే క్షణం కోసం ఇంటిల్లిపాదినీ నిద్ర లేకుండా ఎదురుచూసే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? ఉంది. పైగా ఆవిడ నవలలు రాసేది. అందుకే నాకు ఆవిడంటే మరీ ఇష్టం.

పేరు జీన్ స్ట్రాటన్ పోర్టర్. అమెరికాలోని ఇండియానాలో 1863లో, 12 మంది పిల్లల్లో ఆఖరిదిగా పుట్టింది. మందుల షాపు ఉన్నాయన్ని పెళ్ళాడి జెనీవా అనే చిన్న ఊళ్ళో కాపరం పెట్టింది. ఒక్కతే కూతురు. ఊరి పక్కనే లింబర్‌లాస్ట్ అనే చిత్తడి అడవి, 13,000 ఎకరాలు. ఊబినేలలు, దోమలు, విషప్పాములు. ఆడవాళ్ళు అటు తొంగిచూడరు. భర్తా కూతురూ కలిసి ఓ క్రిస్మస్‌కి కెమెరా కొనిచ్చారు. ఇంకేముంది, ఆవిడ బూట్లు తొడుక్కుని అడవిలోకి నడిచింది.

ఆ రోజుల్లో ఫోటో అంటే గాజుపలకల మీద. దగ్గరనుంచి తియ్యాలంటే కెమెరా తిత్తిని బాగా ముందుకి సాగదియ్యాలి. సాగదీసినకొద్దీ లోపలికి వెలుతురు తగ్గుతుంది. అంచేత ఆ పురుగు కాసేపు కదలకుండా ఉండాలి. ఎగిరే పురుగు ఎక్కడ ఉంటుంది?

ఆవిడ వెంటపడడం మానేసి, కాచుకోవడం మొదలుపెట్టింది. కొమ్మలకంటుకున్న గూళ్ళు ఏరి ఇంటికి తెచ్చేది. గూడు చీల్చుకుని శలభం బయటికొచ్చేసరికి దాని రెక్కలు తడిసి ముడుచుకున్న గుడ్డపేలికల్లా ఉంటాయి. అవి విచ్చుకుని గట్టిపడడానికి కొన్ని గంటలు పడుతుంది. అంతవరకూ అది ఎగరలేదు. ఆ కాస్త వ్యవధే ఆవిడది. సెక్రోపియా, లూనా లాంటి ఈ పెద్ద శలభాలకి పెద్దయ్యాక తిండే లేదు. ఆయుష్షు మహా అయితే ఒకటి రెండు వారాలు. గుండుసూది గుచ్చిన ఎండు పురుగులో అసలు రంగు ఉండదని ఆవిడ పట్టుదల. నలుపు తెలుపు ఫోటో తీసి, దానికి తన చేత్తోనే నీటిరంగులు అద్దేది.

డార్క్‌రూమా? ఇంట్లో స్నానాలగదే! తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, విందులకి వాడే పెద్ద పళ్ళేలలో పలకలు కడిగేది. ఇంట్లో వాళ్ళు ఏమనుకునేవారో మనం ఊహించుకోవచ్చు.

పురుగుల పుస్తకాలు ఎవరు కొంటారు? అంచేత ఆవిడ ఒక నవలా, ఒక ప్రకృతి పుస్తకమూ, ఇలా మార్చి మార్చి రాసింది. 1909లో వచ్చిన 'ఎ గర్ల్ ఆఫ్ ద లింబర్‌లాస్ట్'లో ఎల్నోరా అనే పిల్ల శలభాలు పట్టి అమ్ముకుని చదువుకుంటుంది. నవలలు లక్షల్లో అమ్ముడయ్యాయి. శలభాల ఫోటోల పుస్తకం 'మాత్స్ ఆఫ్ ద లింబర్‌లాస్ట్' 1912లో వచ్చింది. లోకం పంచదార పూత చప్పరించి, మందు పక్కన పెట్టినట్టయింది. నవలలు రాసుకునే నాకు ఈ సంగతి కాస్త గుచ్చుకుంటుంది.

అంతకన్నా గుచ్చుకునేది మరొకటి. 1913 కల్లా ఆ అడవిని కాలువలు తవ్వి ఎండగట్టేశారు. చెట్లు కలపకి పోయాయి, నేల పొలాలయింది. పుస్తకం వచ్చేసరికే అందులోని వాళ్ళకి నిలవనీడ లేకుండా పోయింది. ఆవిడా ఆ ఊరు వదిలి మరో సరస్సు ఒడ్డుకి వెళ్ళిపోయింది. 1924లో లాస్ ఏంజెల్స్‌లో కారు ప్రమాదంలో పోయింది. 1990ల నుంచి ఆ చిత్తడిలో కొంత భాగానికి మళ్ళీ నీళ్ళు మళ్ళించారు. అక్కడ ఏముండేదో చెప్పడానికి ఆవిడ పుస్తకాలు మిగిలాయి.

ఆవిడ తీసిన వాటిలో పాలిఫీమస్ అనే శలభం ఉంది. మన దసలి పట్టుపురుగుకి అది స్వయానా దగ్గర చుట్టం. చెన్నూరు, మహదేవపూర్ వైపు అడవుల్లో మద్దిచెట్ల మీద పెంచుతారే, అదే. విత్తనానికి దాచినవి తప్ప, ఆ గూళ్ళని లోపలి ప్రాణి బయటికి రాకముందే ఉడకబెడతారు. దారం తెగకూడదుగా! చీర కట్టుకునే మనం గూటి దగ్గరే ఆగిపోతాం. లోపలినుంచి ఎవరొస్తారో చూద్దామని ఓపిగ్గా కూర్చున్నది మాత్రం ఆ స్నానాలగది ఇల్లాలు.